ముసురు నుండి ఉప్పెన దాకా: తెలుగు తీరంలో తుఫాను హెచ్చరికల చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మర్పల్లి ప్రాంతంలో ‘తుఫాను’ అంటే ముసురు. సముద్రం ఇక్కడికి దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని విన్న రెండు మూడు రోజులకు ఆకాశం మూసుకుంటుంది, సన్నని వాన విడవకుండా పడుతుంది. పూత మీదున్న కంది రాలిపోతుందని, కల్లంలోని పంట తడిసిపోతుందని రైతు బెంగపడతాడు. తీరవాసికి అదే మాట ప్రాణభయం. ఒకే మాటకు ఒకే భాషలో ఇంత అర్థభేదం ఉండడం భాషాధ్యయనపరులు గమనించవలసిన విషయం. అయితే ఈ వ్యాసం ఉద్దేశం అర్థవిపరిణామ చర్చ కాదు. తుఫాను రాకను ముందుగా తెలుసుకోవడానికీ, తెలుసుకున్నవారు ప్రాణాలతో బయటపడడానికీ మధ్య ఉన్న దూరం తెలుగు తీరంలో ఎప్పుడు, ఏ విధంగా తగ్గిందో పరిశీలించడం.

ఈ పరిశీలనను మర్పల్లి నుండి మొదలుపెట్టడానికి మరొక కారణం ఉంది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఆంధ్రప్రదేశ్ తీరాన్ని తాకిన రెండు పెద్ద తుఫానుల కాలంలో, అంటే 1979 మే నెలలోనూ 1990 మే నెలలోనూ, రాష్ట్ర ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. ఆయన స్వగ్రామం మర్పల్లి మండలంలోని సిరిపురం. వికారాబాదు నుండీ ఆ తర్వాత తాండూరు నుండీ శాసనసభకు ఎన్నికైనవారు. ఈ యాదృచ్ఛికతను చరిత్రకు కారణంగా చూపడం సరికాదు. జనాన్ని తరలించినది ఒక్క వ్యక్తి కాదు, ఒక యంత్రాంగం. కానీ ఆ రెండు తేదీల మధ్య పదకొండేళ్ళలో ఆ యంత్రాంగమే మారిపోయింది. ఈ వ్యాసానికి కీలకం ఆ మార్పే.

మెట్టప్రాంతం తుఫానుకు పూర్తిగా దూరమనుకోవడం కూడా పొరపాటు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరదకు మూలం బంగాళాఖాతం నుండి లోపలికి వచ్చిన తుఫాను వర్షమే. మూసీ పుట్టినది వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండల్లో. ఆ వరదపై విచారణకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 చెరువులు తెగిపోయాయని లెక్క తేల్చారు. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. ఆ విధంగా గొలుసుకట్టు మొత్తం కూలింది. నగరంలో నిద్రిస్తున్నవారికి పైన కట్టలు తెగుతున్న సంగతి తెలిపే మార్గం లేకపోయింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ విషాదం తర్వాత వచ్చినవి.

ఓడల కోసం పుట్టిన హెచ్చరిక

తెలుగు తీరపు తుఫాను చరిత్రను సాధారణంగా కోరంగితో మొదలుపెడతారు. గోదావరి ముఖద్వారంలోని ఆ రేవును 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి సముద్రం ముంచింది. రెండవదానిలో మూడు లక్షల మంది మరణించారన్న అంకె నేటికీ పుస్తకం నుండి పుస్తకానికి ప్రయాణిస్తోంది. ఆనాటి కోరంగి, దాని పరిసర గ్రామాల జనసంఖ్యను ఆలోచిస్తే ఆ అంకెను యథాతథంగా స్వీకరించడం కష్టం. అది లెక్క కన్నా దిగ్భ్రాంతికి కొలత అనుకోవడం సమంజసం. ఇటువంటి తుఫానుల వృత్తాంతాలను, ఓడల దినచర్య పుస్తకాలను కలకత్తాలో కూర్చుని సేకరించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో వెలువరించిన నావికుల కరదీపికలో ‘సైక్లోన్’ అన్న మాటను ప్రతిపాదించాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మూలం నుండి ఆ మాటను తీసుకున్నాడు. అంటే ప్రపంచం వాడుతున్న ఆ పదానికి వెనుక ఉన్న అనుభవంలో కొంత మన తీరానిది.

1864 సంవత్సరం ఈ చరిత్రలో మలుపు. అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ఉప్పెనలు ముంచాయి. బందరులోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ సుమారు ముప్పై వేల మంది చనిపోయారని అంచనా. ఫలితంగా 1865లో తుఫాను హెచ్చరిక ఏర్పాటు మొదలైంది. అయితే అది కలకత్తా రేవుకు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1898 నుండి దేశంలోని రేవులన్నింటికీ ఒకే తరహా సంకేతాల పద్ధతి వచ్చింది. రేవులోని ధ్వజస్తంభానికి పగలు స్తూపాకార, శంకు ఆకార గుర్తులు కట్టేవారు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు వేలాడదీసేవారు. ‘ఒకటో నంబరు’, ‘పదో నంబరు ప్రమాద సూచిక’ అంటూ నేటికీ మన పత్రికలు రాసేది ఆ వరుసనే. పదో నంబరు అతి తీవ్ర ప్రమాదానికి గుర్తు. దాని తర్వాత పదకొండో నంబరు కూడా ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ప్రమాదం కన్నా పై మెట్టులో సమాచారం అందకపోవడాన్ని నిలబెట్టిన ఆ క్రమంలో ఎంతో అనుభవం దాగి ఉంది.

ఈ సంకేతాలు ఎవరిని ఉద్దేశించినవో గమనించాలి. ఇవి ఓడల కప్తానులకు, సరుకు యజమానులకు. రేవు స్తంభం మీది దీపం కోడూరు పొలంలోని కూలీకి కనబడదు. కనబడినా దాని అర్థం తెలియదు. నౌకను లంగరెత్తి లోతు నీటికి తీసుకుపోవాలా వద్దా అన్న ప్రశ్నకు తయారైన జవాబు అది. పూరింటిని వదిలి ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్న ఆ వ్యవస్థలో చాలా కాలం వరకు లేనే లేదు.

1977: విన్నవారు ఏం విన్నారు?

1977 నవంబరు 19, శనివారం. బంగాళాఖాతంలో అయిదు రోజుల ముందే పుట్టిన తుఫాను దిశ మార్చుకుని చీరాల సమీపంలో తీరం దాటింది. కానీ జనం ఎక్కువగా చనిపోయినది చీరాలలో కాదు, దానికి తూర్పున ఉన్న దివిసీమలో. కారణం భౌతికమైనది. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అందువల్ల తుఫాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. కృష్ణా ముఖద్వారం వద్ద సముద్రం లోతు తక్కువ, నేల చదును. నీరు అయిదారు మీటర్ల ఎత్తున లేచి నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో లోపలికి చొచ్చుకువచ్చింది. సొర్లగొంది వంటి ఊళ్ళు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు పది వేలకు పైబడినవారు.

అప్పటికి హెచ్చరిక వ్యవస్థ లేదనలేము. విశాఖపట్నంలో 1970 నాటికే తుఫానులను గుర్తించే రాడారు ఉంది. విజయవాడ ఆకాశవాణి 1948 నుండి పనిచేస్తోంది. తుఫాను వస్తున్నదన్న వార్త ప్రసారమైంది. అయినా ఇంతమంది ఎందుకు చనిపోయారు? ప్రజల అజ్ఞానమనో, ప్రభుత్వ నిర్లక్ష్యమనో ఒక్క మాటలో తేల్చడం నాటి నుండీ జరుగుతోంది. ఈ వ్యాసకర్త దృష్టిలో సమస్యలో ఒక భాగం మాటలో ఉంది.

తెలుగులో గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలివాన పైకప్పును లేపుతుంది, చెట్టును పడగొడుతుంది. ఉప్పెన సముద్రాన్ని ఇంట్లోకి తెస్తుంది. ఈ తేడాను జనభాష ఎప్పుడో గుర్తించింది. అధికార ప్రకటనల భాష మాత్రం ఈ రెండింటినీ ‘తుఫాను’ అన్న ఒక్క మాటలో కలిపింది. పైగా దాని వాక్యం భూగోళశాస్త్ర వాక్యం: ఫలానా పట్టణానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది, వాయవ్య దిశగా కదులుతోంది, ఫలానా చోట తీరం దాటవచ్చు. ఆ వాక్యంలో కర్త తుఫాను. వినేవాడు ఏం చేయాలో చెప్పే క్రియ అందులో లేదు. ‘తీరం దాటడం’ అన్న పలుకుబడి కూడా, దాటేచోట మాత్రమే ప్రమాదమన్న భావన కలిగిస్తుంది. కుడివైపున ఎంతో దూరం వరకు నీరు లేస్తుందన్న సంగతిని కప్పివేస్తుంది. తుఫాను అని విన్న మనిషి తనకు తెలిసిన గాలివానకు సిద్ధపడతాడు: కప్పు మీద తాళ్ళు బిగిస్తాడు, పశువులను కట్టేస్తాడు, పిల్లలను లోపలికి తెచ్చి తలుపు వేస్తాడు. గాలికి ఇది సరైన జాగ్రత్త. ఉప్పెనకు ఇదే మృత్యువు. ఆ ప్రాంతంలో అంతటి ఉప్పెన 1864లో వచ్చింది. నూట పదమూడేళ్ళ తర్వాత దానిని చూసినవారు ఎవరూ మిగలలేదు.

మాట ఒక్కటే కారణమని వాదించడం లేదు. నవంబరు నెల వరి చేతికొచ్చే కాలం. పొలాల్లో పంట ఉంది, పంట చుట్టూ కూలీలు ఉన్నారు. వెళ్ళమని స్పష్టంగా చెప్పినా వెళ్ళడానికి ఎత్తైన చోటు లేదు. పక్కా మేడలు ఊరికి ఒకటో రెండో. అవి కూడా ఎవరివో, వాటి మెట్లు ఎవరెక్కగలరో ఆనాటి పల్లె సామాజిక నిర్మాణం తెలిసినవారికి వివరించనక్కరలేదు.

1979 – 1990: గొలుసు మార్పు

దివిసీమ తర్వాత ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు కట్టడం ప్రారంభించాయి. మామూలు రోజుల్లో బడిగానో సమావేశ మందిరంగానో ఉపయోగపడే కాంక్రీటు కట్టడాలవి. ఏడాదిన్నర గడిచేసరికి, 1979 మే 12న మరో తీవ్రమైన తుఫాను ఒంగోలు ప్రాంతాన్ని తాకింది. ఈసారి ముందుగా ఖాళీ చేయించే ప్రయత్నం పెద్ద ఎత్తున జరిగింది. మృతులు ఏడు వందల ప్రాంతంలో ఉన్నారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్ద తీరం దాటిన తుఫాను మరింత శక్తిమంతమైనది. లక్షలాది మందిని ముందుగా తరలించారు. 967 మంది మరణించారు. లక్షకు పైగా పశువులు చనిపోయాయి. మనుషులను తరలించే పద్ధతి ఏర్పడింది గాని గొడ్డూ గోదా సంగతి అందులోకి రాలేదని ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పశువును వదిలి రాలేక ఆగిపోయిన మనిషి కథ కూడా అందులోనే ఉంటుంది.

1979లో జిల్లా కలెక్టరు మాట ఊరికి చేరాలంటే తహశీల్దారు, అక్కడి నుండి కరణం, మునసబు, ఆపైన టముకు వేసే మనిషి. వంశపారంపర్యంగా వచ్చిన గ్రామాధికారులకు ఊరిలో ప్రతి గడపా తెలుసు. ఏ గడపకు ముందు చెప్పాలో, దేనికి చెప్పకపోయినా ఫరవాలేదో అన్న లెక్క కూడా ఉండేది. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. తాలూకా కేంద్రం కన్నా మండల కేంద్రం ఊరికి దగ్గర. అధికారి పై నుండి వచ్చిన ఉద్యోగి, ఊరి పెద్ద కాడు. అదే కాలంలో, 1983లో ప్రయోగించిన ఇన్సాట్ 1బి ఉపగ్రహం మేఘచిత్రాలను పంపడం మొదలుపెట్టింది. ఆ ఉపగ్రహం ద్వారానే ఎంపిక చేసిన జిల్లాలకు మాత్రమే సైరను మోగించి స్థానిక భాషలో హెచ్చరిక వినిపించే గ్రాహక యంత్రాలను తీరప్రాంత కార్యాలయాల్లో అమర్చారు. ఆకాశవాణి అందరికీ చెప్పే మాట. ఇది ఫలానా వారికే చెప్పే మాట. సాంకేతికంగా ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చు గాని, హెచ్చరిక వాక్యంలోకి మొదటిసారిగా ‘మీరు’ వచ్చింది అప్పుడే.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. మే నెలలో డెల్టా పొలాలు ఖాళీగా ఉంటాయి. కాపాడుకోవలసిన పంట లేనప్పుడు ఊరు కదలడం సులభం. మూడు తుఫానుల ఉప్పెన ఎత్తు, తాకిన చోటు, సమయం కూడా ఒకటి కావు. కాబట్టి పది వేల నుండి వెయ్యికి తగ్గిన మృతుల సంఖ్యను పూర్తిగా యంత్రాంగం ఖాతాలో వేయడం తొందరపాటు.

సాహిత్యం ఈ చరిత్రలో సగాన్నే నమోదు చేసింది. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. దివిసీమ ఉప్పెన నగ్నముని చేత ‘కొయ్యగుర్రం’ రాయించింది. చనిపోయినవారిని, మిగిలినవారిని, వారిని మోసగించినవారిని తెలుగు రచన పట్టుకుంది. అయితే 1990లో మూట కట్టుకుని, మేకను వదిలి, రాత్రంతా బడి గదిలో కూర్చుని, తెల్లవారి ఇంటికి నడిచిన లక్షల మంది గురించి చెప్పుకోదగ్గ రచన ఈ వ్యాసకర్త దృష్టికి రాలేదు. జరగని మరణానికి కథనం దొరకడం కష్టం కావచ్చు. ఆ బడి గదుల జ్ఞాపకాలు ఉన్నవారు ఇప్పుడు యాభైలు, అరవైలు దాటుతున్నారు. మౌఖిక చరిత్రగానైనా వాటిని సేకరించవలసిన పని తెలుగు శాఖలదే.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫాను ఈ గొలుసులో మిగిలిన ఖాళీని చూపింది. అది తీరానికి దగ్గరలోనే వేగంగా బలపడింది, వ్యవధి తక్కువ. మృతులు మళ్ళీ వెయ్యి దాటారు. వారిలో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెలకు చెందిన మత్స్యకారులు చాలామంది ఉన్నారు. రొయ్య పిల్లల వేటకు నీటి మీదికి వెళ్ళినవారు. మండల కార్యాలయంలో సైరను మోగినా, ఊరిలో టముకు వేసినా, రక్షణ భవనం తలుపులు తెరిచినా అవి నేల మీద ఉన్నవారికే. పడవలో ఉన్న మనిషికి ఆ రాత్రి వర్తించినది పదకొండో నంబరు.