బొమ్మ ట్యాంకు చెప్పు చరిత్ర

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపు గట్టున, సాలార్ జంగ్ ప్రదర్శనశాల కలదు. చూడవచ్చినవారిలో పలువురు మొట్టమొదట చేరునది అచ్చటి గడియారము ముందునకు. గంట గంటకు గడ్డము గల చిన్న బొమ్మ యొకటి వెలుపలికి వచ్చి, వేళకు తగినన్ని మారులు గంట మ్రోగించి, మరల లోపలికి పోవును. పెద్దలు ఆ యంత్రవైచిత్రిని చెప్పుకొనుచుండగా, పిల్లలు వారి చేయి పట్టి బొమ్మల గదివైపు లాగుదురు. అచ్చట బొమ్మ సైనికులు బారులు తీరి నిలిచియుందురు.

ఈ బొమ్మలను, ఆ గడియారమును, ఇంకను వేలకొలది వస్తువులను కూర్చినవాడు మూడవ సాలార్ జంగుగా ప్రసిద్ధుడైన నవాబు మీర్ యూసఫ్ అలీఖాన్. ఆయన 1889లో జన్మించెను. 1912లో నిజాము ప్రభుత్వమునకు దివానై, 1914లో ఆ పదవిని విడిచి, మిగిలిన జీవితమును వస్తుసేకరణకు వినియోగించెను. పాతబస్తీలోని దివాన్ దేవిడీ ఆయన నివాసము. 1949 మార్చి 2వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను. 1951 డిసెంబరు 16వ తేదీన ఆ దేవిడీలోనే ప్రదర్శనశాలను జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. 1968లో అది ఇప్పటి భవనమునకు మారినది.

ఈ తేదీల నడుమ మరియొక తేదీ దాగియున్నది. నవాబుగారి మరణమునకు ఇంచుమించు ఆరు మాసముల ముందు, 1948 సెప్టెంబరులో, నిజమైన ట్యాంకులు హైదరాబాదు ముంగిటికి వచ్చినవి. ఆడుకొను సైన్యమును, ఆడుకొనరాని సైన్యమును ఈ నగరము ఒక్క కాలముననే ఎరిగినది. నేడు ఇండ్లలో కుర్రవారు ప్లాస్టిక్ ముక్కలను అతికి, రంగులు పూసి, బల్లమీద నిలుపుకొను చిన్న ట్యాంకును గురించి ముచ్చటింపబూనినప్పుడు ఈ సంగతి మరువరాదు.

'ట్యాంకు' అనగానే హైదరాబాదు వారికి ముందుగా తోచునది యుద్ధశకటము కాదు, చెరువు. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున నిర్మింపబడిన హుస్సేన్ సాగరు కట్టను మనము ట్యాంకుబండు అనియే పిలుచుచున్నాము. నీటి తొట్టికి, చెరువునకు గుజరాతీ, మరాఠీ భాషలలో ఉన్న మాట ఇంగ్లీషులోనికి ప్రాకినదనియు, పోర్చుగీసు మాట యొకటి దానికి తోడైనదనియు భాషావేత్తలు చెప్పుదురు. మన నేలమీది నీటిమాట ఆ ఇనుపబండికి ఎట్లు అంటుకొన్నది?

1914లో ఆరంభమైన మహాయుద్ధమున సేనలు కందకములలో చిక్కుకొని కదలలేకపోయినవి. ఎదుట ముళ్లతీగెలు, వాని వెనుక మరతుపాకులు. తీగెలను త్రొక్కి, కందకమును దాటి, గుండ్లకు జంకక పోగల బండి కావలసివచ్చెను. 1915 ఫిబ్రవరిలో బ్రిటిషు నౌకాదళ మంత్రియైన చర్చిల్ ఇందుకై ఒక సంఘమును నియమించెను. లింకన్ పట్టణమున వ్యవసాయ యంత్రములను చేయు ఫాస్టర్ కంపెనీలో ట్రిట్టన్, విల్సన్ అను ఇంజనీర్లు దానిని రూపొందించిరి. పొలము దున్నుటకు పనికివచ్చిన విద్యయే కందకము దాటుటకు పనికివచ్చినది. ఇది శత్రువునకు తెలియరాదు. ఇనుప రేకుల పెట్టెవలె నున్న దానిని చూచి అడుగువారికి, ఇది నీరు మోయు తొట్టి యని చెప్పుచువచ్చిరి. 1915 డిసెంబరులో ఆ మారుపేరే స్థిరపడెను. ట్యాంకు అను పేరు ఆ వస్తువును తెలుపుటకు కాదు, కప్పిపుచ్చుటకు పుట్టినది.

1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సులో, సోమ్ నదీప్రాంతమున, ట్యాంకులు తొలిసారి యుద్ధమునకు దిగినవి. సిద్ధపరచినవి 49. బయలుదేరవలసిన చోటికి చేరగలిగినవి 32. ఒక్కొక్కటి ఇంచుమించు 28 టన్నుల బరువు. లోపల ఎనిమిది మంది మనుష్యులు. వారికిని ఇంజనుకును నడుమ అడ్డుగోడ లేదు. ఆ వేడిమిలో, పొగలో, చప్పుడులో వారు మనిషి నడకపాటి వేగముతో ముందునకు సాగిరి. ఆ బండ్లకు రంగుల పథకమును సిద్ధపరచినవాడు సాలమన్ జె. సాలమన్ అను ప్రసిద్ధ చిత్రకారుడు. నేలలో కలిసిపోవునట్లు పలువన్నెలను మచ్చలుగా పూయించెను. కాని సోమ్ బురద ఆ వన్నెలనన్నింటిని కప్పివైచెను. తరువాత ట్యాంకులకు ఒకే గోధుమవన్నె పూయ మొదలిడిరి.

ఇట్టి బండిని అంతకుముందే ఊహించిన రచయిత యొకడు కలడు. హెచ్. జి. వెల్స్ 1903లో భూమిపై నడచు ఇనుపకోటలను గురించి కథ వ్రాసెను. ఆయనయే 1913లో 'లిటిల్ వార్స్' అను పుస్తకమున, సీసపు సైనికులతోను స్ప్రింగు ఫిరంగులతోను ఇంటిలో ఆడుకొను యుద్ధమునకు నియమములు కూర్చెను. ఈ బొమ్మ యుద్ధమును కొన్ని మార్లు ఆడి చూచినవానికి అసలు యుద్ధమెంత తెలివిమాలిన పనియో బోధపడునని ఆయన ఆ పుస్తకపు చివర వాదించెను. మరుసటి యేడే మహాయుద్ధము వచ్చినది. అయినను ఆయన మాట పొల్లు కాదు. చిన్నది చేసి చూచిన వస్తువును మనము చుట్టును తిరిగి చూడగలము.

సీసపు సైనికుల చరిత్రయు చిన్నది కాదు. 1893లో లండనులోని విలియం బ్రిటన్ వారి సంస్థ బోలుబొమ్మలను పోయు ఉపాయమును కనుగొనెను. కరిగిన సీసమును అచ్చులో పోసి, అంచు గట్టిపడగానే లోపలి ద్రవమును వెలుపలికి వంపివేయుదురు. పైపొర మాత్రము బొమ్మయై నిలుచును. బరువు తగ్గెను, వెల తగ్గెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత సీసపు చోటికి ప్లాస్టిక్ వచ్చినది. వేడికి కరిగిన పాలీస్టైరీనును ఉక్కు అచ్చులలోనికి ఒత్తిడితో పంపి, ముక్కలను చేసి, పెట్టెలో పెట్టి అమ్మసాగిరి. కొన్నవాడే అతుకుకొనవలెను. ఇంగ్లాండులో ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1952లో 'గోల్డెన్ హైండ్' అను తెరచాప ఓడను ఇట్లు విపణికి తెచ్చినది.

జపానులోని షిజువోకాలో టమియా సంస్థ 1946లో కలప వ్యాపారముగా మొదలైనది. తరువాత కొయ్య నమూనాలు చేసినది. విదేశపు ప్లాస్టిక్ బొమ్మల ముందు కొయ్యబొమ్మలు నిలువలేక, 1960లో ఆ సంస్థయు ప్లాస్టిక్ పట్టినది. పిదప కొలదికాలమునకే ప్యాంథర్ అను జర్మను ట్యాంకు బొమ్మను తెచ్చెను. అది మోటారుతో నడచు బొమ్మ. లోపల రెండు బ్యాటరీలు పట్టవలెను. వానికి సరిపడునట్లు బొమ్మ పరిమాణమును నిర్ణయించిరి. ఆపై కొలిచి చూడగా అది అసలు ట్యాంకులో ఇంచుమించు 35వ వంతు! నాటినుండి నేటివరకు లోకమున అత్యధికముగా వాడబడు కొలతలలో అది యొకటి. శాస్త్రము నిర్ణయించిన ప్రమాణము కాదు, బ్యాటరీ నిర్ణయించిన ప్రమాణము.

ఇక బొమ్మ కట్టు విధము. స్టూవర్ట్ అను తేలికపాటి ట్యాంకును తీసికొందము. ఇది అమెరికాలో తయారైనది. అమెరికా అంతర్యుద్ధ కాలపు అశ్వదళ సేనాని పేరు దీనికి బ్రిటిషువారు పెట్టిరి. నలుగురు మనుష్యులు, 37 మిల్లీమీటర్ల ఫిరంగి, సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు. 35వ వంతు చేసినచో సుమారు 13 సెంటీమీటర్లగును. మన ఇంటి ట్రాన్సిస్టరుకంటె చిన్నది.

ముక్కలన్నియు ఒక ప్లాస్టిక్ చట్రమునకు అంటుకొనియుండును. వానిని పదునైన కత్తితో కోసి, మిగిలిన మొటిమలను ఆకురాయితోను, గరుకు కాగితముతోను అరగదీయవలెను. దీనికి వాడు జిగురు మామూలు జిగురు కాదు. అది రెండు అంచులను కొద్దిగా కరిగించి ఒకటిగా కలుపును. అందుచే ఎక్కువైనచో బొమ్మయే కరిగిపోవును. చక్రములు, పట్టాలు, పైకప్పు, తిరుగు బురుజు వరుసగా చేరును. అతుకుల సందులను లప్పముతో పూడ్చి, అడుగు పూత వేసి, ఆరిన పిదప అసలు రంగు పూయుదురు.

ఈ క్రమము మనకు క్రొత్త కాదు. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కర్రలో అంగములను వేరువేరుగా చెక్కుదురు. చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసి, ఆపై రంగులు దిద్దుదురు. వస్తువు మారినది గాని చేతిపని వరుస మారలేదు.

రంగులో ఒక సూక్ష్మము కలదు. అసలు ట్యాంకుకు పూసిన రంగునే తెచ్చి బొమ్మకు పూసినచో అది నల్లగా, మొద్దుగా కనబడును. పెద్ద వస్తువును దూరమునుండి చూచునప్పుడు నడుమనున్న గాలి దాని వన్నెను పలుచన చేయును. చిన్న బొమ్మను చేతిలో పట్టుకొని చూచుట పెద్ద దానిని దూరమునుండి చూచుటవంటిది. కనుక రంగులో కొంత తెలుపు కలుపవలెను. పిమ్మట పలుచని ముదురు రంగును సందులలోనికి పారించి నీడలు తెప్పింతురు. దాదాపు ఆరిన కుంచెతో అంచులను తాకి వెలుగు తెప్పింతురు. తుదకు చక్రములకు బురద. సాలమన్ శ్రమను కప్పివేసిన బురదను నేటివారు కుంచెతో ఓపికగా దిద్దుచున్నారు.

చివరకు మిగులునవి గుర్తులు. నీటిలో నానవైచి అంటించు ఆ చిన్న ముద్రలే బొమ్మకు చరిత్రనిచ్చును. ఇదే స్టూవర్ట్ 1941లో లిబియా ఎడారిలో పోరాడినది. 1942లో బర్మానుండి వెనుకకు మరలినది. 1948 నవంబరు 1వ తేదీన భారతసేన దీనిని పదకొండువేల అడుగులకు పైబడిన ఎత్తున నున్న జోజిలా కనుమకు ఎక్కించినది. ఆ సంవత్సరముననే సెప్టెంబరులో హైదరాబాదు దారిని నడచినది. ఏ ముద్ర అంటించిన ఆ కథ. బొమ్మ కట్టువాడు ఇచ్చట ఆగి చదువుకొనవలెను.

హైదరాబాదు కథను చదువుదము. రజాకార్ల దౌర్జన్యములతో సంస్థానము తల్లడిల్లుచున్న కాలమది. 1948 సెప్టెంబరు 13వ తేదీన మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నాయకత్వమున భారతసేన షోలాపురము వైపునుండి నల్దుర్గము మీదుగా ప్రవేశించెను. విజయవాడ వైపునుండి మరియొక దళము కదలెను. లోకమునకు దీనిని 'పోలీసు చర్య' యని చెప్పిరి. పోలీసులకు ట్యాంకులుండవు. తొట్టి యను పేరువలె ఇదియు ఒక ముసుగు పేరే. 17వ తేదీన నిజాము రేడియోలో మాటలాడి పోరు విరమణను ప్రకటించెను. ఆ దినమున రేడియో గల ఇండ్ల ముందు జనము ఎట్లు గుమికూడియుందురో శ్రోతలు ఊహింపగలరు. 18వ తేదీన హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ చౌధురికి లొంగిపోయెను. సంస్థాన ప్రజలు పలువురు దీనిని విమోచనముగా భావించిరి. అందుకు తగిన కారణములు కలవు.

కాని కథ అచ్చట ముగియలేదు. ట్యాంకులు సాగిపోయిన పిదప జిల్లాలలో ముస్లిములపై ప్రతీకారకాండ జరిగెను. భారతప్రభుత్వము పంపగా పండిత సుందరలాల్ నాయకత్వమున ఒక సంఘము 1948 నవంబరు, డిసెంబరు మాసములలో ఆ ప్రాంతములను చూచివచ్చెను. ఎంత తగ్గించి లెక్కించినను 27 వేలనుండి 40 వేల వరకు ప్రాణములు పోయినవని దాని అంచనా. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రచురింపబడలేదు. ముందటి దౌర్జన్యము, తరువాతి దౌర్జన్యము రెండును చరిత్రయే. ఒకదానిని చెప్పి మరియొకదానిని దాచినచో అది సగము రంగు పూసిన బొమ్మ.

ట్యాంకునకు పాతబస్తీతో మరియొక సంబంధము కూడ ఏర్పడినది. నగరపు ఆగ్నేయమున కంచన్‌బాగులో రక్షణ లోహపరిశోధనశాల కలదు. అర్జున్ ట్యాంకునకు కవచమును రూపొందించినది ఆ సంస్థయే. ఆ కవచమునకు 'కంచన్' అను పేరు ఆ పేటనుబట్టి వచ్చినది. దాని పొరలలో ఏమున్నదో బయటికి చెప్పరు. అది దేశరక్షణకు అవసరము. ట్యాంకు పుట్టినప్పటినుండి నేటివరకు దాచుకొనుటయే దాని స్వభావము. బొమ్మ ట్యాంకు స్వభావము వేరు. దాని కవచము పలుచని ప్లాస్టిక్ రేకు. కట్టినవాడు దాని ప్రతి మూలను ఎరుగును. నలుగురు మనుష్యులు ఎంత ఇరుకున కూర్చుండిరో, వారికి వెలుపలి లోకము ఎంత సన్నని సందునుండి కనబడెనో అతనికి తెలియును.

కావున ఇంటిలో కుర్రవాడు ట్యాంకు బొమ్మ కట్టెదనన్నచో వారింపనక్కరలేదు. కత్తి పట్టు విధము నేర్పి, జిగురు వాడునప్పుడు కిటికీ తెరచి ఉంచవలెను. ఆపై ఆ బొమ్మ ఏ దారిని నడచినదో అడుగవలెను. సంక్రాంతికి మన ఇండ్లలో బొమ్మల కొలువు తీర్తుము. అందు ఎడ్లబండి, బావి, పచారీ సెట్టి, నీళ్లు మోయు పడుచు అందరును ఉందురు. ఆ పల్లె ప్రక్కన అతని ట్యాంకును నిలిపి చూడుడు. ఈ పల్లెవారు ఎవరు, బండి వచ్చినప్పుడు వీరెక్కడికి పోయిరి అని ఆ పిల్లవాడే అడుగును. అప్పుడు పెద్దలు దాచక చెప్పవలెను.