కుందూ నది లోతు

కుందూ నది పెన్నా నదికి ఉపనది. దీనిని కుందేరు అనీ, కుముద్వతి అనీ కూడా పిలుస్తారు. ఎర్రమల, నల్లమల కొండల నడుమ గల మైదానంలో ఉత్తరం నుండి దక్షిణానికి ప్రవహించే ఈ నది పొడవు సుమారు 205 కిలోమీటర్లు. దీని లోతు అంతటా ఒకే విధంగా ఉండదు. నేల స్వభావం, ఉపనదులు, ఆనకట్టలు, ఋతువు అనే నాలుగింటిని బట్టి అది మారుతూ ఉంటుంది. కాబట్టి కుందూ లోతును చెప్పేటప్పుడు ఏ చోట, ఏ నెలలో అన్నది కూడా చెప్పవలసి ఉంటుంది.

ప్రవాహ మార్గం

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలోని ఉప్పలపాడు సమీపంలో, ఎర్రమల కొండల ప్రాంతంలో ఈ నది పుడుతుంది. నంద్యాల, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, చాగలమర్రి ప్రాంతాల మీదుగా సాగి వైఎస్ఆర్ కడప జిల్లాలో ప్రవేశిస్తుంది. అక్కడ మైదుకూరు, ప్రొద్దుటూరుల మధ్యగా ప్రవహించి కమలాపురం సమీపంలో పెన్నాలో కలుస్తుంది. ఆళ్ళగడ్డ పట్టణం కుందూ ఒడ్డున లేదు. దాని పక్కన పారే వక్కిలేరు దిగువన కుందూలో కలుస్తుంది. నంద్యాల, ఆళ్ళగడ్డలు రెండూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉన్నాయి. అంతకు పూర్వం ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి.

లోతులో మార్పులు

ఎగువ భాగం: పుట్టినచోట కుందూ ఒక చిన్న వాగు మాత్రమే. రాతినేల త్వరగా కోతకు గురికాదు కనుక నీరు పలుచగా, రాళ్ళ మీదుగా పారుతుంది. వానలు ఆగిన కొద్ది కాలానికే ఈ భాగం ఎండిపోతుంది.

మధ్య భాగం: నంద్యాల నుండి చాగలమర్రి వరకు నది నల్లరేగడి మైదానంలో సాగుతుంది. రేగడి అడుగున సున్నపురాయి, పలకరాయి పొరలున్నాయి. 1872లో ఈ ప్రాంతపు శిలలను వర్ణించిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ వీటిలో ఒక వర్గానికి కుందేరు పేరే పెట్టాడు. మెత్తని మట్టిని నది నిలువుగా కోయడం వలన ఇక్కడ గట్లు ఎత్తుగా, కాలువ ఇరుకుగా ఉంటాయి. మద్దిలేరు, చామకాలువ, గాలేరు, జుర్రేరు, వక్కిలేరు వంటి వాగులు కలిసేకొద్దీ నీరు పెరుగుతుంది. వేసవిలో ప్రవాహం తగ్గినప్పుడు గుంతలలో మడుగులు మిగులుతాయి.

దిగువ భాగం: చాగలమర్రి మండలంలోని రాజోలి ఆనకట్ట వద్ద నీరు నిలువ ఉండడం వలన దాని ఎగువన లోతు ఎక్కువగా, దిగువన తక్కువగా ఉంటుంది. పెన్నా సంగమం వైపు ఇసుక మేటలు వేస్తుంది. పెన్నాలో వరద ఉన్నప్పుడు కుందూ నీరు త్వరగా దిగక వెనక్కు ఎగదన్నుతుంది. అప్పుడు ఇక్కడ కూడా లోతు పెరుగుతుంది.

లోతుకు, వెడల్పుకు సంబంధం

ప్రవాహ పరిమాణం వెడల్పు, లోతు, వేగం అనే మూడింటి లబ్ధం. ఉదాహరణకు, సెకనుకు 5 అడుగుల వేగంతో 10,000 క్యూసెక్కుల నీరు పారుతోందనుకుంటే, 200 అడుగుల వెడల్పు గల చోట సగటు లోతు 10 అడుగులు అవుతుంది. అదే నీరు అదే వేగంతో 400 అడుగుల వెడల్పున పారితే లోతు 5 అడుగులే. ఇరుకైన చోట వరద మట్టం త్వరగా పెరగడానికి కారణం ఇదే. పూడిక, ముళ్ళకంప వేగాన్ని తగ్గిస్తాయి కనుక అవి కూడా మట్టాన్ని పెంచుతాయి. కడప జిల్లాలోని అల్లాడుపల్లె వద్ద కేంద్ర జలసంఘం ఈ నది మట్టాన్ని, ప్రవాహాన్ని కొలుస్తుంది.

కాలువలు, జలాశయాలు

మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863-1870 మధ్య కర్నూలు-కడప కాలువను త్రవ్వించింది. తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలయ్యే ఈ కాలువను ప్రభుత్వం 1882లో కొనుగోలు చేసింది. రాజోలి ఆనకట్ట ఈ వ్యవస్థలో భాగం. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు మీదుగా బనకచెర్లకు వచ్చే కృష్ణా నీటిని నిప్పులవాగు ద్వారా కుందూలోకి కూడా వదులుతారు. అందువలన స్థానికంగా వాన లేని రోజులలో కూడా నది మట్టం పెరగవచ్చు. రాజోలి వద్ద 2.95 టి.ఎం.సి.లు, కోయిలకుంట్ల సమీపాన జోలదరాశి వద్ద 0.8 టి.ఎం.సి.ల సామర్థ్యంతో జలాశయాల నిర్మాణానికి 2019 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది.

వరదలు

నల్లమల నుండి వచ్చే వాగులు పొట్టివి, వాలు ఎక్కువ గలవి. కొండలలో భారీ వర్షం కురిస్తే కొద్ది గంటలలోనే కుందూ గట్లు దాటుతుంది. 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతంలో కురిసిన అతివృష్టికి కుందూ, దాని ఉపనదులు పొంగి పొలాలు, రహదారులు మునిగాయి. మహానంది ఆలయంలోకి నీరు చేరింది. వరద తీసిన తరువాత కోతకు గురైన చోట్ల కొత్త గుంతలు, మేట వేసిన చోట్ల కొత్త దిబ్బలు ఏర్పడతాయి. అందువలన క్రిందటి ఏడు మోకాలిలోతున నడిచి దాటిన రేవులో మరుసటి ఏడు నిలువు లోతు ఉండవచ్చు. నీరు బురదగా ఉన్నప్పుడు అడుగు కనిపించదు కనుక పాత అనుభవాన్ని నమ్మి నదిని దాటడం ప్రమాదకరం.