ఐదు పౌండ్ల జరిమానా

రెండు వ్యాపారాల మధ్య తగవు వచ్చినప్పుడు శిక్ష ఎవరికి పడుతుంది? దీనికి ఇంగ్లండు పార్లమెంటు మూడొందల ఏళ్ల క్రితం ఒక జవాబు చెప్పింది. ఆ జవాబుకు మన బందరుతోనూ సంబంధం ఉంది.

1611లో బందరులో స్థావరం పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ, పదిహేడో శతాబ్దం చివరికి మన నూలు బట్టలను లండన్‌లో విరివిగా అమ్ముతోంది. కోరమాండల్ తీరపు చిరివేరు ఎరుపు ఉతికినా వెలిసేది కాదు. ఆ గుడ్డ ఉన్నికంటే తేలిక, పట్టుకంటే చవక. దొరసానీ పనిపిల్లా ఒకే పూల గుడ్డ తొడుక్కోవడం చాలామందికి కంటగింపయింది. పట్టు, ఉన్ని నేతగాళ్లకు పని తగ్గింది. వాళ్ల ఆకలి అబద్ధం కాదు. 1697లో నేతగాళ్లు, వాళ్ల భార్యలు పార్లమెంటు ముందుకు, కంపెనీ కార్యాలయం మీదికి వెళ్లారు.

ప్రభుత్వం 1700లో చట్టం చేసి, 1701 నుంచి రంగు గుడ్డల దిగుమతిని ఆపింది. తెల్లగుడ్డను మాత్రం సుంకం వసూలు చేసి రానిచ్చింది. ఆ తెల్లగుడ్డ మీద లండన్‌లోనే అద్దకం పని పెరిగింది. తగవు తీరలేదు సరికదా, ఇంకా ముదిరింది.

1719 వేసవిలో నేతగాళ్లు వీధికెక్కారు. పూల గుడ్డ తొడుక్కున్న స్త్రీ కనిపిస్తే గౌను చించారు, సిరా చల్లారు, ఆమ్లం పోశారు. అదే ఏడు 'రాబిన్సన్ క్రూసో' వెలువరించిన డేనియల్ డీఫో నేతగాళ్ల పక్షాన పత్రిక నడిపాడు. ఆనాటి కరపత్రాలు చదివితే దేశం దివాలాకు కారణం ఆడవాళ్ల షోకులే అనిపిస్తుంది. మగవాళ్లు ఇంట్లో తొడుక్కునే 'బనియన్' అంగీలు కూడా ఇదే గుడ్డతో కుట్టినవి. వాటిని ఎవరూ నడివీధిలో చించలేదు.

1721లో చేసిన రెండో చట్టం 1722 డిసెంబరు 25 నుంచి అమల్లోకి వచ్చింది. అద్దకం కాలికో తొడిగితే ఐదు పౌండ్ల జరిమానా, అదీ పట్టిచ్చినవాడికే. అమ్మితే ఇరవై పౌండ్లు. చట్టంలో స్త్రీ అనే మాట వేరుగా రాయనక్కర్లేకపోయింది. ఎవరి ఒంటి మీద వెతకాలో వీధి అప్పటికే నేర్పింది. మరి కంపెనీకి? ఇతర దేశాలకు తిరిగి ఎగుమతి చేసే సరుకు తెచ్చుకోవడానికి దారి తెరిచే ఉంది. నిన్న గుంపు చేసిన పనిని ఇవాళ చట్టం మర్యాదగా చేసింది.

ఈ తగవులో ఇంకో స్త్రీ ఉంది. ఇంగ్లండులో ఉన్ని వడికింది ఆమే, మన తీరంలో నూలు వడికింది ఆమే. మగ్గానికి దారం అందించిన ఆ చేతులు వాదనల్లో ఎక్కడున్నాయి? 1720లో వచ్చిన ఒక కరపత్రంలో వడికే స్త్రీల అర్జీ కనిపిస్తుంది. అయితే అది వ్యంగ్యం. రాట్నం, కదురు అని అర్థం వచ్చే ఇంటిపేర్లు తగిలించిన కల్పిత స్త్రీలు వాళ్లు. అసలు స్త్రీ మాట్లాడదు. ఆమె పేరుతో హాస్యం నడుస్తుంది.

ఇంగ్లండులోనే తయారైన అచ్చమైన నూలు అద్దకాలను 1774లో పార్లమెంటు అనుమతించింది. గుడ్డ స్వదేశీ కాగానే ఆడవాళ్ల షోకు నేరం కాకుండా పోయింది. స్త్రీ ఏం కట్టుకోవాలో దేశభక్తి పేరుతో ఎవరు చెప్పినా, ఆ మాట వెనక ఎవరి సరుకు ఉందో అడిగి తీరాలి.