అమెరికా బోర్డింగ్ స్కూళ్లు: విదేశీ విద్యార్థి ఎంపిక

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తొమ్మిదవ తరగతి మొదలుకొని పన్నెండవ తరగతి వరకు విద్యార్థులకు చదువుతోపాటు భోజనమును, నివాసమును, క్రీడలను, రాత్రివేళ పర్యవేక్షణమును ఒక్క ఆవరణములోనే సమకూర్చు ప్రైవేటు విద్యాసంస్థలకు బోర్డింగ్ స్కూళ్లని పేరు. వీనిలో ప్రాచీనములును ప్రసిద్ధములును అయినవి పెక్కు దేశమునకు ఈశాన్యమునగల న్యూ ఇంగ్లండునందు, ముఖ్యముగా మసాచుసెట్స్, కనెక్టికట్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములలో నెలకొనియున్నవి. స్వాతంత్ర్య యుద్ధము ముగియక పూర్వమే, 1778లో సామ్యూల్ ఫిలిప్స్ ఆండోవరునందును, 1781లో ఆతని పినతండ్రి జాన్ ఫిలిప్స్ ఎక్సెటరునందును అకాడమీలను స్థాపించిరి. తరువాత నొక శతాబ్దమునకు, ఇంగ్లండులోని ఈటన్, రగ్బీ వంటి పాఠశాలల సంప్రదాయము ననుసరించి 1884లో ఎండికాట్ పీబడీ నెలకొల్పిన గ్రోటన్ పాఠశాల ధనిక కుటుంబముల బాలురకు నివాసమైనది. తరువాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు అచ్చటనే చదివెను.

విదేశీయులు ఈ పాఠశాలలకు వచ్చుట నేటి వింత కాదు. చైనాకు చెందిన యుంగ్ వింగ్ 1847లో మసాచుసెట్స్‌లోని మన్సన్ అకాడమీలో చేరి, 1854లో యేల్ పట్టభద్రుడయ్యెను. ఆతని ప్రోత్సాహముననే చైనా ప్రభుత్వము 1872 మొదలుకొని 120 మంది బాలురను న్యూ ఇంగ్లండునకు పంపి, 1881లో వెనుకకు పిలిపించినది. జపాను నుండి ఓడలో దాగి వచ్చిన నీజిమా జో 1865లో ఆండోవరులో ప్రవేశించి, స్వదేశమునకు మరలిన పిమ్మట 1875లో క్యోటో నగరమున దోషిషా విద్యాసంస్థను స్థాపించెను.

ఇప్పటి విదేశీ విద్యార్థిని ప్రైవేటు పాఠశాలవైపు నడుపునది సంస్థల కీర్తి మాత్రమే కాదు, చట్టము కూడ. 1996నాటి శాసనము ప్రకారము ఎఫ్-1 విద్యార్థి వీసాపై వచ్చిన బాలుడు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మొత్తముమీద పండ్రెండు మాసములకు మించి చదువరాదు. ఆ కాలమునకైనను తనకగు పూర్తి వ్యయమును తానే చెల్లింపవలెను. ప్రైవేటు పాఠశాలకు ఈ కాలపరిమితి లేదు. కావున నాలుగేండ్లు చదివి హైస్కూలు డిప్లొమా పొందదలచినవానికి ప్రైవేటు పాఠశాలయే గతి. సమీపమున బంధుగృహము లేనిచో బోర్డింగ్ స్కూలే శరణ్యము.

ఎంపికయందు తల్లిదండ్రులు తొలుత చేపట్టునది ర్యాంకుల పట్టిక. ఈ పట్టికలను ప్రకటించునది ప్రభుత్వము కాదు, వ్యాపార సంస్థలు. వానిలో పాఠశాల ధనసంపదకును, పట్టభద్రులు చేరిన విశ్వవిద్యాలయముల పేర్లకును గల ప్రాధాన్యము, పదునాలుగేండ్ల బాలుడు నవంబరు మాసపు చలిరాత్రి జ్వరముతో మేల్కొన్నప్పుడు తలుపు తీయువారెవరను ప్రశ్నకు లేదు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఎంపికకు మూలమైన ప్రశ్న అదియే. అమెరికా సంప్రదాయములో పగలు పాఠము చెప్పిన ఉపాధ్యాయుడే మధ్యాహ్నము ఆటస్థలమున శిక్షకుడై, రాత్రి విద్యార్థుల నివాసభవనములోనే కుటుంబముతో కాపురముండి, పెద్దదిక్కుగా వ్యవహరించును. ఒక భవనమున ఎందరు విద్యార్థులున్నారు, వారికి ఎన్ని ఉపాధ్యాయ కుటుంబములున్నవి, రాత్రి చదువువేళల నెవరు కనిపెట్టియుందురు, క్రొత్తగా వచ్చిన విదేశీయునకు సలహాదారు ఎవరు అని విచారించినచో, రంగుల కరపత్రము చెప్పని సంగతులు తెలియును. వేయిమందికి మించిన ఆండోవరు, ఎక్సెటరులలో ఎన్నుకొనుటకు పాఠ్యాంశములు అపారము. నాలుగువందలకు లోబడిన గ్రోటనులో ప్రతి ఉపాధ్యాయునికి ప్రతి బాలుని పేరు తెలియును. బిడియము గలవానికి ఏది మేలో తండ్రియే నిర్ణయింపవలెను.

పిల్లల భద్రతను గూర్చి మొగమాటము లేక అడుగవలెను. 2016లో బోస్టన్ గ్లోబ్ పత్రిక పరిశోధన, న్యూ ఇంగ్లండులోని అనేక ప్రైవేటు పాఠశాలలలో పూర్వము ఉపాధ్యాయులు జరిపిన లైంగిక దురాచారములను బయలుపరచినది. తరువాత పెక్కు సంస్థలు స్వతంత్ర విచారణలు జరిపించి నియమములను కఠినము చేసినవి. ఆ నియమములను లిఖితరూపమున చూపగోరుట తల్లిదండ్రుల హక్కు; అట్టి ప్రశ్నకు నొచ్చుకొను సంస్థను విడిచిపెట్టుట ఉత్తమము.

బోధనాపద్ధతులలోను వైవిధ్యము కలదు. 1930లో ఎడ్వర్డ్ హార్క్‌నెస్ ఇచ్చిన భూరివిరాళముతో ఎక్సెటరులో ఆరంభమైన పద్ధతియందు పండ్రెండుగురు విద్యార్థులు గురువుతోకూడ అండాకారపు బల్లచుట్టును కూర్చుండి చర్చింతురు. ఉపన్యాసము వినుటకును, గైడు వల్లించుటకును అలవాటుపడి, పెద్దల యెదుట నోరు విప్పకుండుటయే వినయమని పెరిగిన మన బాలునకు తొలి ఆరుమాసములు ఈ బల్ల దుస్సహమగును. చర్చలో పాల్గొనుటకు మార్కులుండుటచే మౌనము అచ్చట గుణము కాక లోపమగును. కాలిఫోర్నియాలోని థాచర్ పాఠశాలలో క్రొత్తవిద్యార్థి మొదటి సంవత్సరము ఒక గుఱ్ఱమును సాకవలెను. సువార్తికుడు డ్వైట్ మూడీ 1879లో బాలికలకై ప్రారంభించిన విద్యాలయము నుండి పెరిగిన నార్త్‌ఫీల్డ్ మౌంట్ హెర్మన్‌లో విద్యార్థులందరు వారమున కొంతసేపు శారీరకమైన పని చేయుదురు. మిచిగన్‌లోని ఇంటర్‌లాకెన్ సంగీత నాటక చిత్రకళలకు ప్రసిద్ధము. 1814లో వెర్మాంట్ రాష్ట్రమున ఏర్పడి, ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రములోనున్న ఎమ్మా విల్లర్డ్ పాఠశాల బాలికలకే ప్రత్యేకము. విజయవాడ, హైదరాబాదు నగరముల కార్పొరేటు కళాశాలల హాస్టళ్లలో తెల్లవారుజాము నుండి రాత్రివరకు సాగు స్టడీ అవర్లను ఎరిగిన తెలుగు తల్లిదండ్రులకు, మధ్యాహ్నమంతయు ఆటలకే కేటాయించి దానిని నిర్బంధము చేసిన అమెరికా పాఠశాలల దినచర్య కాలహరణముగా తోచవచ్చును. ఐనను ఆ నిర్బంధములోనే ఈ విద్యయొక్క సగము ఉద్దేశము ఇమిడియున్నది.

వ్యయము విషయమున భ్రమలకు తావులేదు. పేరొందిన సంస్థలలో విద్య, వసతి, భోజనములకు వార్షిక రుసుము 70 వేల డాలర్ల దరిదాపుల నుండును. ఆరోగ్యబీమా, ప్రయాణములు వేరు. కొలది ధనసమృద్ధ సంస్థలు కుటుంబ ఆర్థికస్థితిని చూడకయే ప్రవేశము నిర్ణయించుచున్నను, తక్కినవానిలో విదేశీయులకు లభించు సహాయము స్వల్పము, పోటీ అధికము.

దరఖాస్తుల గడువు సాధారణముగా జనవరి మధ్యభాగము. ఫలితములు మార్చి 10న, అంగీకారము ఏప్రిల్ 10లోపున. తొమ్మిదవ తరగతిలో సీట్లు ఎక్కువ, పదునొకండవ తరగతిలో కొలదియే గనుక, మనదేశమున ఎనిమిదవ తరగతి చదువుచున్నపుడే యత్నము సాగవలెను. మార్కుల పత్రములు, గణిత, ఆంగ్ల ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ ముఖ్యములు; ప్రవేశపరీక్షయైన ఎస్.ఎస్.ఏ.టి.ని, ఆంగ్లభాషా పరీక్షయైన టోఫెల్‌ను కొన్ని సంస్థలు కోరును, కొన్ని ఐచ్ఛికముగా విడుచును.

ప్రవేశము దొరికిన పిమ్మట పాఠశాల వీసాకు అవసరమైన ఐ-20 పత్రము నిచ్చును. ఇట్టి పత్రము నిచ్చు అధికారము గల సంస్థల జాబితాను అమెరికా ప్రభుత్వము ప్రకటించును; ఆ జాబితా నొక్కదానినే నమ్మి ఊరకుండరాదు. మిచిగన్‌లో అధికారులే వలగా పన్నిన ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయము ఆ జాబితాలో నుండగా, 2019లో వందకు పైబడిన భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో తెలుగువారు పెక్కురు. అది ఉన్నత పాఠశాల కాకపోయినను, ప్రాంతీయ గుర్తింపు సంఘముల ఆమోదమును, తరగతుల వాస్తవస్థితిని వేరుగా పరిశీలింపవలెనని ఆ ఉదంతము తెలుపుచున్నది.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ నాడును, క్రిస్మస్‌కును, మార్చి సెలవులలోను అనేక పాఠశాలల నివాసభవనములు మూతపడును. అందువలన సంస్థలు స్థానిక సంరక్షకుని పేరు ముందుగానే కోరును. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న మేనమామ ఆ బాధ్యత వహించుట మన కుటుంబములలో తఱచు. దూరభారము, విమానవ్యయము, అతని ఇంటి సౌకర్యము ముందే మాటలాడుకొనవలెను. వీసా ఇంటర్వ్యూ హైదరాబాదు కాన్సులేటులో జరుపుకొనవచ్చును. ఐ-20లో సూచించిన ఆరంభదినమునకు ముప్పది దినములకంటె ముందుగా ఆ దేశమున అడుగిడ వీలులేదు కనుక, విమానపు టిక్కెట్టును ఆ తేదీ ననుసరించి కొనవలెను.