ఫిట్‌నెస్ బ్యాండు (కొండ ప్రాంతాలలో వినియోగం)

ఫిట్‌నెస్ బ్యాండు అనగా మణికట్టుకు ధరించి, నడిచిన అడుగులు, నాడి వేగం, నిద్ర వ్యవధి మొదలైనవాటిని అంచనా వేయు చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. ఇదే పని చేయు గడియారాన్ని స్మార్ట్‌వాచీ అంటారు. ఉంగరాల రూపంలో కూడా ఇవి లభిస్తున్నవి. చదునైన దారిలో, ఖాళీ చేతులు ఊపుతూ నడిచే వ్యక్తి విషయంలో వీటి లెక్కలు చాలావరకు సరిపోతాయి. తూర్పు కనుమలలోని అరకు లోయ, దాని చుట్టూ ఉన్న మన్యం కొండలలో నేల ఏటవాలు, శీతాకాలపు చలి, బరువులు మోసే పద్ధతి, స్థానికంగా కనిపించే కొన్ని వ్యాధుల వలన అవే లెక్కలు తప్పే అవకాశం ఎక్కువ. కావున ఈ ప్రాంతంలో బ్యాండును ఎంచుకొనుటకు, దాని అంకెలను అర్థం చేసికొనుటకు కొన్ని ప్రత్యేక విషయాలు తెలిసి ఉండవలెను.

చరిత్ర

అడుగులను లెక్కించే పరికరాలు చాలాకాలం నుండి ఉన్నవి. 1965లో జపాను దేశపు యమాసా సంస్థ "మాన్‌పో-కెయ్" అను పరికరాన్ని అమ్మకానికి తెచ్చినది. జపనీస్ భాషలో ఈ పేరుకు "పదివేల అడుగుల మాపకం" అని అర్థం. రోజుకు 10,000 అడుగులు నడవవలెనను ప్రసిద్ధమైన లక్ష్యం ఈ వ్యాపార నామం నుండి వ్యాపించినదే కాని, వైద్య పరిశోధనల నుండి వచ్చినది కాదు. 2019లో అమెరికాలో వయసు మళ్ళిన స్త్రీలపై ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోజుకు సుమారు 4,400 అడుగులు నడిచేవారిలోనే మరణాల రేటు తగ్గినట్లు, సుమారు 7,500 అడుగుల తరువాత అదనపు ప్రయోజనం కనిపించనట్లు తేలినది.

నాడిలోని రక్తపు ఆక్సిజన్‌ను కాంతి సహాయంతో కొలిచే పల్స్ ఆక్సీమీటరు సూత్రాన్ని 1970లలో జపాను ఇంజనీరు టకువో అయోయాగి రూపొందించాడు. ఫిట్‌బిట్ సంస్థ తొలి పరికరం 2009లో, షావోమీ సంస్థ చవక ధరకు తెచ్చిన మి బ్యాండు 2014లో, ఆపిల్ వాచీ 2015లో విడుదలైనవి. ఫిట్‌బిట్‌ను గూగుల్ సంస్థ కొనుగోలు చేయుట 2021 జనవరిలో పూర్తయినది. భారతదేశంలో ఇప్పుడు రెండు మూడు వేల రూపాయలకే ఈ బ్యాండులు దొరుకుచున్నవి.

పనిచేయు విధానం

బ్యాండులో ముఖ్యంగా రెండు భాగాలు కలవు. మొదటిది చేతి కదలికను గుర్తించు త్వరణమాపకం. ఒక లయలో వచ్చే చేతి ఊపును ఇది అడుగులుగా లెక్కిస్తుంది. రెండవది అడుగు భాగాన ఉండే కాంతి గ్రాహకం. బ్యాండు చర్మంపైకి ఆకుపచ్చ కాంతిని ప్రసరింపజేయగా, గుండె కొట్టుకున్నప్పుడెల్లా రక్తం పరిమాణం మారుట వలన తిరిగి వచ్చే కాంతి హెచ్చుతగ్గులవుతుంది. ఈ హెచ్చుతగ్గులనుండి నాడి వేగాన్ని గణిస్తారు. ఆక్సిజన్ శాతం కొరకు ఎరుపు, పరారుణ కాంతులను వాడుతారు. ఆసుపత్రిలో వేలికి తగిలించే ఆక్సీమీటరులో కాంతి వేలి గుండా ఇటు నుండి అటు ప్రసరిస్తుంది. మణికట్టు వద్ద మాత్రం కాంతి వెనుకకు తిరిగివచ్చినంత మేరకే కొలుచుట వలన సంకేతం బలహీనంగా ఉంటుంది.

కొన్ని పరికరాలలో వీటికి తోడు జీపీఎస్, ఎత్తును అంచనా వేయుటకు వాయుపీడన మాపకం ఉంటాయి. నిద్ర, కేలరీలు అను అంకెలు నేరుగా కొలిచినవి కావు. పై కొలతలకు వయసు, బరువు, ఎత్తు వంటి వివరాలను జోడించి వేసిన లెక్కలు మాత్రమే.

ఎత్తు, వాయుపీడనం

అరకు లోయ అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి సుమారు 115 కి.మీ. దూరంలో ఉన్నది. పాడేరు ముఖ్యపట్టణంగా ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం ప్రామాణికంగా 1013 హెక్టాపాస్కళ్ళు కాగా, 900 మీటర్ల ఎత్తున అది సుమారు 910 హెక్టాపాస్కళ్ళు. అనగా గాలిలో లభించే ఆక్సిజన్ సుమారు పదవ వంతు తక్కువ. ఆరోగ్యవంతుని రక్తంలో ఆక్సిజన్ శాతం ఈ ఎత్తున గమనించదగినంతగా పడిపోదు. కావున అరకులో బ్యాండు 88 లేక 90 శాతం చూపినచో, "ఇది కొండ ప్రాంతం కదా" అని సరిపెట్టుకొనుట తప్పు. అది కొలతలోని లోపమైనా కావచ్చును, నిజమైన అనారోగ్యమైనా కావచ్చును.

వాయుపీడన మాపకం గల బ్యాండులు సుమారు 3 మీటర్ల ఎక్కుడును ఒక అంతస్తుగా లెక్కిస్తాయి. వాతావరణం మారినప్పుడు కూడా పీడనం మారుతుంది. ఒక హెక్టాపాస్కల్ తగ్గితే సుమారు 9 మీటర్లు ఎక్కినట్లు లెక్క వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన రోజులలో ఇంటి అరుగుపై కూర్చున్నవారికి కూడా ఎత్తు పెరిగినట్లు చూపుటకు ఇదే కారణం.

అడుగులు, కేలరీల లెక్క

మన్యంలో నిత్యం జరిగే పనులలో చాలావాటికి అడుగుల లెక్క సరిపడదు.

* తలపై కట్టెల మోపు లేక నీళ్ళ బిందె పెట్టుకొని ఒక చేతితో పట్టుకొన్నప్పుడు ఆ చేయి ఊగదు. బ్యాండు ఆ చేతికే ఉన్నచో అడుగులు తక్కువగా పడతాయి. కావడి మోసేవారికీ ఇంతే.
* కాఫీ పండ్లు కోయునప్పుడు మనిషి నిలిచిన చోటనే ఉన్నా చేతులు కదులుచుండును. కొన్ని కదలికలు అడుగులుగా నమోదవుతాయి.
* థింసా నృత్యంలో స్త్రీలు ఒకరి వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకొని ఆడుతారు. పాదాలు ఎంత వేగంగా కదిలినా మణికట్టు స్వేచ్ఛగా ఊగదు.
* నిటారు దారిలో అంగ కురచ అవుతుంది. కావున అడుగుల సంఖ్యనుబట్టి లెక్కించిన దూరం అసలు దూరం కంటె ఎక్కువగా వస్తుంది.

శ్రమ విషయంలో తేడా ఇంకా పెద్దది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారి సమీకరణం ప్రకారం గంటకు 4.8 కి.మీ. వేగంతో చదునైన నేలపై నడిచే వ్యక్తికి, శరీర బరువులో ప్రతి కిలోకు నిమిషానికి సుమారు 11.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అవసరం. అదే వేగంతో 10 శాతం ఏటవాలు ఎక్కునప్పుడు సుమారు 26 మిల్లీలీటర్లు అవసరం, అనగా రెట్టింపు కంటె ఎక్కువ. నెత్తిన బరువు ఉంటే ఇంకా పెరుగుతుంది. అడుగుల సంఖ్య మాత్రం రెండు సందర్భాలలోను దాదాపు ఒకటే. కావున కొండ గ్రామంలో 4,000 అడుగులు వేసినవారు పట్టణంలో 8,000 అడుగులు వేసినవారి కంటె తక్కువ శ్రమించినట్లు భావించరాదు. ఇటువంటి చోట అడుగుల కంటె, నాడి వేగం పెరిగి ఉన్న నిమిషాలను చూచుట మేలు.

నాడి వేగం

గరిష్ఠ నాడి వేగాన్ని స్థూలంగా 220 నుండి వయసును తీసివేసి లెక్కిస్తారు. 60 ఏండ్ల వ్యక్తికి ఇది 160. అందులో 64 నుండి 76 శాతం, అనగా నిమిషానికి 102 నుండి 122 వరకు, మధ్యస్థ శ్రమగా పరిగణిస్తారు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ సూత్రం అందరికీ సమానంగా వర్తించదు. రక్తపోటుకు, గుండెజబ్బుకు బీటా బ్లాకరు మందులు వాడేవారిలో నాడి సహజంగానే నెమ్మదిస్తుంది. వారు వైద్యుని సలహా మేరకే హద్దులు నిర్ణయించుకోవలెను.

డిసెంబరు, జనవరి మాసాలలో అరకు, లంబసింగి ప్రాంతాలలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గుట కద్దు. చలికి చర్మంలోని రక్తనాళాలు కుంచించుకొనుట వలన కాంతి గ్రాహకానికి సంకేతం సరిగా అందదు. మణికట్టుపై పచ్చబొట్టు ఉన్నచో దాని రంగు కాంతిని పీల్చుకొంటుంది. అట్టివారు పచ్చబొట్టు లేని చేతికి ధరించవలెను. కడియాలు, గాజులు బ్యాండుకు తగులుచుండినా లెక్క చెదరుతుంది.

విశ్రాంతి నాడి వేగం బ్యాండు ఇచ్చే ఉపయోగకరమైన అంకెలలో ఒకటి. ఒక వ్యక్తికి రోజూ 66 ప్రాంతంలో ఉండేది అకస్మాత్తుగా 80 దాటి రెండు రోజులు నిలిచినచో జ్వరం, నీరసం, నిద్రలేమి వంటి కారణం ఉండవచ్చును. జ్వరంలో ఒక డిగ్రీ సెల్సియస్‌కు నాడి సుమారు 10 చొప్పున పెరుగుతుంది. అయితే అది ఏ జ్వరమో బ్యాండు చెప్పజాలదు. మన్యంలో వర్షాకాలపు జ్వరం మలేరియా కావచ్చును గనుక రక్తపరీక్ష తప్పనిసరి.

ఆక్సిజన్ శాతం, రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి

ఈ ప్రాంతంలో అన్నిటికంటె జాగ్రత్తగా చదువవలసిన అంకె ఇదే. చర్మంలోని మెలనిన్ కాంతిని పీల్చుకొనుట వలన ముదురు వర్ణం వారిలో కొలత తప్పవచ్చును. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమైన పరిశీలనలో, ఆసుపత్రి ఆక్సీమీటరు 92 నుండి 96 శాతం చూపుచుండగా రక్తంలో నిజమైన శాతం 88 కంటె తక్కువగా ఉన్న సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, తెల్లజాతి రోగులలో 3.6 శాతం అని తేలినది. వేలి పరికరంలోనే ఇంత తేడా ఉన్నప్పుడు మణికట్టు బ్యాండుపై మరింత జాగ్రత్త అవసరం.

రెండవ విషయం రక్తహీనత. ఆక్సిజన్ శాతం అనగా ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండినదో చెప్పు అంకె. హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో అది చెప్పదు. రక్తం బాగా తక్కువగా ఉన్న గర్భిణికి కూడా 98 శాతం కనిపించవచ్చును. "అంకె బాగున్నది" అని హిమోగ్లోబిన్ పరీక్ష మానుట ప్రమాదకరం.

మూడవది సికిల్ సెల్ వ్యాధి. ఇది గిరిజన సమాజాలలో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య రక్తవ్యాధి. దీనిని 2047 నాటికి నిర్మూలించు లక్ష్యంతో జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన కార్యక్రమం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైనది. ఈ వ్యాధి ఉన్నవారిలో ఆక్సీమీటరు కొలతలు అసలు విలువకు భిన్నంగా ఉండవచ్చును. తీవ్రమైన ఎముకల నొప్పి, ఛాతీ నొప్పి, జ్వరం, ఆయాసం వచ్చినప్పుడు బ్యాండు ఏమి చూపినా వెంటనే ఆసుపత్రికి చేరవలెను. రోగిని డోలీపై మోసికొని రహదారికి చేర్చవలసిన గూడేలు ఇప్పటికీ ఉన్నవి. అట్టి చోట ఒక తప్పుడు అంకెను నమ్మి పోగొట్టుకొన్న గంట తిరిగి రాదు.

నిద్ర

నిద్రను కచ్చితంగా కొలిచే పరీక్ష పాలీసోమ్నోగ్రఫీ. ఇందులో మెదడు తరంగాలు, కంటి కదలికలు, శ్వాస నమోదు చేస్తారు. బ్యాండు చేతి కదలికను, నాడిని మాత్రమే చూచును. కావున కదలక మెలకువగా పడుకొన్న సమయాన్ని కూడా తరచుగా నిద్రగా లెక్కిస్తుంది. పడుకొన్న వేళ, లేచిన వేళ, మొత్తం వ్యవధి ఉపయోగపడతాయి. గాఢ నిద్ర, కలల నిద్ర అను విభజనను స్థూలమైన అంచనాగానే తీసికొనవలెను.

పంట కాపలాకై రాత్రులు మంచెపై గడిపేవారికి, ఇటుకల పండుగ దినాలలో రాత్రంతా ఆడిపాడేవారికి నిద్ర ముక్కలుగా వచ్చును. పగటి కునుకులను చాలా బ్యాండులు నమోదు చేయవు. పెద్దలకు రోజుకు 7 గంటలు లేక అంతకంటె ఎక్కువ నిద్ర మంచిదని వైద్యుల సిఫారసు. బ్యాండు అంకె బాగుండవలెనను ఆత్రుతతోనే నిద్ర చెడగొట్టుకొనుటకు 2017లో అమెరికా పరిశోధకులు "ఆర్థోసోమ్నియా" అని పేరు పెట్టారు. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగుట, పగలు విపరీతమైన మగత ఉన్నచో వైద్యుని సంప్రదించవలెను.

ఎంపిక

* బ్యాటరీ: కరెంటు తరచుగా పోవు గ్రామాలలో ఒకసారి చార్జి చేస్తే వారం రోజులకు తగ్గకుండా పనిచేయునది మేలు. ప్రకాశవంతమైన తెర, ఎడతెగని జీపీఎస్ బ్యాటరీని త్వరగా హరిస్తాయి.
* నిల్వ: సెల్ సిగ్నలు లేని చోట కొన్ని రోజుల సమాచారాన్ని తనలోనే దాచుకొని, తరువాత ఫోనుకు పంపగలిగినది కావలెను. మొదటిసారి నమోదు చేయుటకు ఇంటర్నెట్ అవసరం గనుక ఆ పని సిగ్నలు ఉన్న ఊరిలోనే ముగించవలెను.
* నీటి రక్షణ: వర్షాలకు, పొలం పనికి 5 ఏటీఎం గుర్తు గలది సరిపోతుంది.
* జీపీఎస్: లోతైన లోయలలో, దట్టమైన చెట్ల కింద ఉపగ్రహ సంకేతం కొండలకు తగిలి వచ్చుట వలన దారి గీత పక్కకు జరుగుతుంది. కాలిబాటలు నమోదు చేయవలసినవారికే దీని అవసరం.
* భాష: తెలుగు అక్షరాలు చూపగలదో లేదో కొనకముందే పరీక్షించవలెను.
* ప్రకటనలు: సూది లేకుండా రక్తంలో చక్కెర కొలుస్తామను వాచీలను నమ్మరాదు. అట్టి వాచీకి గాని, ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినది. చేతి పట్టీ బిగించకుండా రక్తపోటు చూపే చవక పరికరాలను కూడా చికిత్సకు ఆధారం చేసికొనరాదు.

వినియోగం

బ్యాండును మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైన, జారకుండా, రక్తం ఆగేంత బిగువు కాకుండా ధరించవలెను. కొండ ఎక్కునప్పుడు మరికొంత పైకి జరుపుట మేలు. చెమట, మట్టి చేరి దద్దుర్లు రాకుండా పట్టీని తరచు కడిగి ఆరబెట్టవలెను. వయసు, ఎత్తు, బరువు సరిగా నమోదు చేయవలెను. బ్యాండు చూపిన నాడిని నెలకొకసారి మణికట్టుపై వేలు పెట్టి నిమిషంపాటు లెక్కించి సరిచూచుకొనవచ్చును.

మొదటి రెండు వారాలు ఏ లక్ష్యమూ పెట్టుకొనక, మామూలు రోజుల అంకెలను మాత్రమే గమనించుట ఉత్తమం. ఆ తరువాతి మార్పులను ఆ వ్యక్తి పాత అంకెలతోనే పోల్చవలెను. ఒకే బ్యాండును ఇంటిల్లిపాది మార్చి మార్చి ధరించినచో ఈ పోలికకు అర్థం ఉండదు.

ఆరోగ్య సమాచారం తయారీదారు సంస్థ సర్వర్లకు చేరుతుంది. భారతదేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో చేయబడినది. ఏ అనుమతులు ఇస్తున్నామో చదివి, అవసరం లేని లొకేషను, కాంటాక్టు అనుమతులను నిరాకరించవచ్చును. ఆశా కార్యకర్తకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి గాని చూపునప్పుడు ఒక రోజు అంకె కంటె రెండు మూడు వారాల విశ్రాంతి నాడి, నిద్ర వ్యవధి పట్టిక ఎక్కువ ఉపయోగకరం. రోగి తన బాధను తాను చెప్పు మాటకు ఆ పట్టిక తోడుగా ఉండవలెనే కాని, దానికి బదులు కాజాలదు.