ప్లేగు టీకా, పంతొమ్మిది మరణాలు, ఒక ఉత్తరం

అంటువ్యాధి వచ్చినప్పుడు దాని వెనకే పుకారూ వస్తుంది. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలినప్పుడు, ఆస్పత్రికి తీసుకుపోయినవాళ్ళను చంపి ఒంట్లోంచి నూనె తీస్తున్నారని జనం నమ్మారు. ఆ అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆస్పత్రి మీద దాడి చేశారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలికే. కాని రోగుల్ని ఇళ్ళలోంచి బలవంతంగా తరలించే ప్రభుత్వం మాటను జనం ఎందుకు నమ్మాలి?

అదే నగరంలో వాల్డెమార్ హాఫ్కిన్ ప్లేగు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న ముందుగా తానే వేయించుకున్నారు.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో (ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది) 107 మందికి ఐదు సీసాల నుంచి టీకాలు వేశారు. వారిలో ఒకే సీసా నుంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పు బొంబాయి లేబరేటరీదేనని విచారణ సంఘం తేల్చింది. కార్బాలిక్ ఆమ్లం మానేసి వేడితో శుద్ధి చేయడాన్ని తప్పుపట్టింది. హాఫ్కిన్‌ను పదవి నుంచి తప్పించారు. విచారణ కాగితాలు మాత్రం ఏళ్ళ తరబడి బయటికి రాలేదు.

అవి బయటపడ్డాక చూస్తే సంగతి వేరు. సీసా తెరిచే సహాయకుడి చేతిలోని పట్టకారు నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. సీసా తెరిచినప్పుడు దుర్వాసన లేదు. ధనుర్వాత క్రిములు అందులో ముందే పెరిగి ఉంటే వాసన రావాలి.

సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్, మరికొందరు శాస్త్రజ్ఞులు 1907 జులైలో లండన్ 'టైమ్స్' పత్రికకు ఉత్తరం రాశారు. ఆ ఏడాది చివరికి హాఫ్కిన్‌పై నింద తొలగింది.

పాఠకులు ఇక్కడ ఒకటి గమనించాలి. హాఫ్కిన్‌ను సమర్థించినవాళ్ళు 19 మరణాలను దాచలేదు. ఆ మరణాలకు కారణం ఏమిటో సాక్ష్యాలతో చూపారు. కాని అందుకు దాదాపు ఐదేళ్ళు పట్టింది.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకు ఆనందయ్య మందు కోసం జనం బారులు తీరినప్పుడు మన పత్రికల్లో ఆ వరసల ఫోటోలు చాలానే వచ్చాయి. ఎందరు మందు తీసుకున్నారు, అందులో ఎందరికి తగ్గింది, తీసుకోనివాళ్ళలో ఎందరికి తగ్గింది అనే మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి అడగడం తక్కువ.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. ఓచరు లేని బిల్లు ఎవరు తెచ్చినా వెనక్కి పంపేవాళ్ళం. నాటువైద్యుడు చెప్పినా, సర్కారు చెప్పినా, పత్రికలు అదే పని చేయాలి. ఒక పక్కనే ఓచరు అడిగే పత్రికను జనం ఎందుకు నమ్ముతారు?