హైదరాబాదు ఫుట్‌బాల్ వీరుల కలకత్తా ప్రస్థానము: అభిమానుల అనుబంధ చరిత్ర

తాము పుట్టి పెరిగిన ఊరి మైదానములలో ఆటను నేర్చి, ఆ ఊరి జనుల ప్రేమను చూరగొని, ప్రతిభ పరిపక్వమగుచున్న తరుణముననే ధనమిచ్చి పోషింపగల పరనగర సంస్థలకు వెడలిపోయిన క్రీడాకారుల యెడ స్వస్థలపు అభిమానులు నిలుపుకొన్న అనుబంధమునకు, తెలుగునాట హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర మిక్కిలి ప్రస్ఫుటమైన నిదర్శనము. 1950 తరువాతి మూడు దశాబ్దులలో హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరముల నుండి తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, మహమ్మద్ అక్బర్, షబ్బీర్ అలీ మున్నగువారు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులలో ఆడి అఖిల భారత ఖ్యాతిని గడించిరి. ఈ ప్రస్థానము ఊరివారికి వియోగదుఃఖమును, ఆత్మగౌరవమును ఏకకాలముననే కలిగించినది. వెడలిపోయినవారిని ఊరు మరువలేదు. కాని వారి స్థానమున మరియొకరిని తీర్చిదిద్దు వ్యవస్థ సడలిపోయినపుడు ఆ అభిమానము స్మృతిగా మాత్రమే మిగిలినది. ఈ చరిత్రలోని ముఖ్యాంశము ఇదియే.

ఆట పుట్టుక, రహీమ్ సాహెబు శిక్షణ

ఫుట్‌బాల్ దక్కనునకు బ్రిటిషు సైన్యముతో వచ్చినది. లష్కరని జనులు వ్యవహరించు సికిందరాబాదులోను, బొల్లారం, తిరుమలగిరి దండు ప్రదేశములలోను సైనికులాడు ఆటను గట్టున నిలిచి చూచిన బాలకులే క్రమముగా క్రీడాకారులైరి. నగరమున పాఠశాలలు, కళాశాలలు ఈ ఆటకు రెండవ ఆశ్రయమైనవి. సిటీ కాలేజీ పూర్వవిద్యార్థులు నెలకొల్పుకొన్న సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ జట్టు, తదుపరి కాలమున దేశమునకు ప్రాతినిధ్యము వహించిన పలువురకు తొలి మెట్టుగా నుండెను.

ఈ చెదురుమదురు ఉత్సాహమును ఒక సంప్రదాయముగా మలచినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963). వృత్తిచేత ఉపాధ్యాయుడైన ఈయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగాను, సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడుగాను, 1950 నుండి మరణపర్యంతము భారత జట్టునకు గురువుగాను ఉండెను. బంతిని కాలియందే అట్టిపెట్టుకొని పరుగెత్తుట కంటె తోటివానికి వెంటనే అందించుట మేలని బోధించి, బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో బాలురకు పోటీలు నడిపి, ఆటగాని బుద్ధికిని పాదమునకును సమానమైన శిక్షణ నిచ్చినవాడాయన. భారత జట్టు 1951 న్యూఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెలుచుటయు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానము పొందుటయు ఆయన నేతృత్వముననే జరిగినవి.

స్వర్ణయుగము

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1950లో డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో మోహన్ బగానును ఓడించి, కలకత్తా క్లబ్బులకు దీటైన జట్టు దక్షిణాపథమున నున్నదని చాటినది. 1956–57, 1957–58 సంవత్సరములలో హైదరాబాదు జట్టు వరుసగా రెండు మారులు అంతర్‌రాష్ట్ర పోటీయైన సంతోష్ ట్రోఫీని కైవసము చేసికొన్నది. హెల్సింకీ, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటను ఆడిన అజీజ్, నూర్ మహమ్మద్ ఈ కాలపు మహనీయులు.

అభిమానుల అనుబంధ స్వభావమును గ్రహించుటకు ఈ జట్టు నిర్మాణము తెలియవలసి యున్నది. పోలీసు జట్టులోని ఆటగాడు నగరమునందే నౌకరి చేయుచు, నగరపు గల్లీలలోనే నివసించుచు, సాయంకాలము అందరి కన్నుల యెదుట సాధన చేయుచుండెను. చూచువాడును, ఆడువాడును ఒకే బస్తీవారగుటచేత విజయము వీధి యంతటిదిగా భావింపబడెను. ప్రభుత్వోద్యోగము కుటుంబమునకు నిలకడ నిచ్చెను గాని, అసాధారణ ప్రతిభ గల యువకుని ఆశకు అది సరిపోయినది కాదు. వలసకు బీజము ఇచ్చట పడినది.

కలకత్తా పిలుపు

నాటి భారత ఫుట్‌బాల్ నామమాత్రముగా వేతనరహిత క్రీడ. జాతీయ లీగు 1996లో గాని ఏర్పడలేదు. అయినను కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులు వేలకొలది సభ్యుల చందాలతోను, టిక్కెట్లపై వచ్చు ఆదాయముతోను సంపన్నములై, దేశపు నలుమూలల నుండి ఆటగాండ్రను రప్పించి, ధనముగనో, ఉద్యోగముగనో ప్రతిఫలము నిచ్చుచుండెను. 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదు మారులు కలకత్తా లీగును గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్ ఈ విధమున పరప్రాంత క్రీడాకారులను సమీకరించుటలో మార్గదర్శి. ఏటేట ఆటగాండ్రు క్లబ్బు మార్చుకొను కాలము వచ్చినపుడు, సంతకము పూర్తియగువరకు కోరిన ఆటగానిని ప్రత్యర్థుల కంట బడకుండ దాచియుంచు ఆచారము సైతము అచ్చట ఉండెను. ఆటయే జీవనమని తలచిన హైదరాబాదు యువకునకు ఇంతటి జనసమ్మర్దమును, ఇంతటి ఆదరమును మరెచ్చటను లభ్యము కాకుండెను.

తులసీదాస్ బలరాం

సికిందరాబాదు సమీపమందలి అమ్ముగూడలో నిరుపేద తమిళ కుటుంబమున జన్మించిన బలరాం ఈ ప్రస్థానమునకు ప్రథమోదాహరణము. రహీమ్ కంటబడి, హైదరాబాదు తరఫున సంతోష్ ట్రోఫీ ఆడి, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ఎన్నికై, 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరెను. అనతికాలముననే సంతోష్ ట్రోఫీలో బెంగాల్ రాష్ట్రపు దుస్తులు ధరించెను. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూ దేశములపై గోలు చేసెను. 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడయ్యెను. 1962లో జకార్తా స్వర్ణము, అర్జున పురస్కారము నందెను. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిపి ఆయనను భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులలో ఒకనిగా లెక్కించుట పరిపాటి.

శ్వాసకోశ వ్యాధివలన 1963లోనే, ఇరువది యేడేండ్ల ప్రాయమున, ఆయన క్రీడాజీవితము ముగిసినది. తరువాత ఆయన స్వస్థలమునకు మరలక హుగ్లీ తీరమందలి ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూసెను. జంటనగరములు బలరాంను పూర్ణవికాసమున తమ నడుమ చూచుకొన్నది స్వల్పకాలమే. అయినను ఆయన గోలుల వార్తను పత్రికలలో చదివిన ప్రతి మారును అమ్ముగూడ పేరు సికిందరాబాదు వాసులకు స్మరణకు వచ్చుచుండెను. అభిమానమునకు సాన్నిధ్యము అవశ్యమైనది కాదనుటకు ఈ ఒక్క జీవితము చాలును.

తంగరాజ్, నయీముద్దీన్, హబీబ్

హైదరాబాదున 1935లో జన్మించిన పీటర్ తంగరాజ్ సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆరంభించి, సైన్యమున చేరి, అటుపిమ్మట కలకత్తా చేరెను. 1958లో ఆసియాలోని ఉత్తమ గోల్‌కీపరుగా కీర్తింపబడిన ఈయన జకార్తా తుదిపోటీలో భారత గోలును కాచినవాడు.

1966 ఈ చరిత్రలో ఒక మలుపు. ఆంధ్రప్రదేశ్ 1965–66 సంతోష్ ట్రోఫీ తుదిపోటీలో బెంగాలును ఓడించి విజయము పొందగా, ఆ మరుసటి కాలముననే పోలీసు జట్టు రక్షకుడైన సయ్యద్ నయీముద్దీన్, పదునేడేండ్ల మహమ్మద్ హబీబ్ ఇరువురును ఈస్ట్ బెంగాల్ పక్షమున చేరిరి. నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టునకు నాయకుడు. ఆ జట్టులో హబీబును ఉండెను. 1990లో శిక్షకునిగా నయీముద్దీన్ ఈస్ట్ బెంగాలునకు ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడింటిని ఒకే ఏట సమకూర్చెను.

హబీబ్ కథ అభిమానుల హృదయమున మరింత లోతుగా నాటుకొన్నది. అప్పట్లో ప్రసిద్ధ క్రీడాకారులందరును బ్యాంకునందో, రైల్వేయందో ఉద్యోగము సంపాదించుకొని ఆడుచుండగా, ఆయన ఉద్యోగములను నిరాకరించి ఆటనే వృత్తిగా స్వీకరించెను. భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడని ఆయనను పేర్కొనుట ఇందువలననే. పెద్ద క్లబ్బులు మూడింటను ఆడి, 'బడే మియా' అని కలకత్తావారిచే ఆదరముతో పిలువబడెను. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా సమముగా ముగించిన ఆటలో ఒక గోలు హబీబుదే. తమ్ముడు మహమ్మద్ అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్‌పై మోహన్ బగాన్ తరఫున ఆట మొదలైన 17 సెకండ్లకే గోలు చేసి చిరస్మరణీయుడయ్యెను. 1980లో అర్జున పురస్కారము పొందిన హబీబ్, బలరాం వలెగాక, కడపట స్వనగరమునకే మరలివచ్చి 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే తనువు చాలించెను.

అనుబంధ స్వభావము

వెడలిపోయినవానియెడ అభిమానుల భావము మూడు అంశములతో కూడినది. మొదటిది జన్మస్థల సంబంధము: ఏ క్లబ్బు రంగు ధరించినను అతడు మనవాడే యను దృఢభావము. రెండవది శైలి పరిచయము: రహీమ్ నేర్పిన వేగమైన అందింపులను, రెండు పాదముల నైపుణ్యమును కలకత్తా మైదానమున ఆడువాని యందు గుర్తించి, వెడలినవాడు తమ ఊరి విద్యనే ప్రదర్శించుచున్నాడని సంతసించుట. మూడవది పరీక్షాస్వరూపము: వెడలినవాడు స్వస్థలపు జట్టునకే ప్రత్యర్థియై నిలుచుట. 1969లో సంతోష్ ట్రోఫీ గెలిచిన బెంగాల్ జట్టులో హబీబ్ ప్రముఖుడు. తమ పెంపకమే పరులకు బలమై నిలిచిన యట్టి ఘట్టమున అభిమాని మనస్సు రెండుగా చీలును; పరాజయమునకు బాధపడును, పరాక్రమమునకు పొంగిపోవును.

వెడలినవానిపై ద్రోహారోపణము ప్రబలకుండుటకు బలమైన కారణము కలదు. ఆ యువకుల గృహస్థితి ఊరివారికి తెలియును. పేద యింటి బిడ్డ తన పాదముల బలముచేత కుటుంబమును నిలబెట్టుకొనుటను తప్పుగా నెంచుటకు, అదే స్థితిలో నున్న ఇరుగుపొరుగువారికి మనసొప్పదు. క్రీడాకారుని యౌవనము పది పన్నెండేండ్లది. బలరాంకు ఆ మాత్రమును దక్కలేదు. ఆ కొద్దికాలమున అతడు తనకు తగిన రంగస్థలమును వెదకుకొనుట న్యాయమని హైదరాబాదు అభిమానులు గ్రహించుట వారి సంస్కారమునకు గౌరవము తెచ్చు విషయము.

దేశాంతరమున పోలిక

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ అభిమానులకు ఇట్టి వియోగమే నిత్యానుభవము. ఉన్నత పాఠశాల విడిచిన నాలుగేండ్లకు గాని వృత్తి లీగున ప్రవేశము లేదను నియమమును స్పెన్సర్ హేవుడ్ 1971లో సుప్రీంకోర్టు వరకు పోయి సడలింపజేసెను. 2006 నుండి కనీస వయస్సు పందొమ్మిదేండ్లుగా నిర్ణయింపబడుటచేత, అనేక ప్రతిభావంతులు విశ్వవిద్యాలయమున ఒక్క ఏడాది మాత్రమే ఆడి వెడలిపోవుచున్నారు. 2012లో కెంటకీ విశ్వవిద్యాలయమునకు జాతీయ విజేతృత్వము సమకూర్చిన ఆంథొనీ డేవిస్ అదే ఏట వృత్తిక్రీడకు మరలెను. అయినను అచ్చటి అభిమాని ఆశ కోల్పోడు; ఏలన విశ్వవిద్యాలయము స్థిరముగా నిలిచి, మరుసటి శరత్తునకు క్రొత్త విద్యార్థులను ప్రవేశపెట్టును. ఆటగాండ్రు మారినను వారిని తయారుచేయు సంస్థ మారదు. హైదరాబాదునకు లోపించినది ఈ స్థిరత్వమే.

క్షీణదశ

1963 జూన్ 11న రహీమ్ మరణించినపుడు ఆయనతోడనే ఒక శిక్షణ సంప్రదాయమును అస్తమించినది. ఆంధ్ర పోలీసు పేరుతో 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచి, 1962లో ఈస్ట్ బెంగాలుతో సమముగా రోవర్స్ కప్పు పంచుకొన్న పూర్వపు సిటీ పోలీసు జట్టు క్రమముగా తేజోహీనమైనది. 1965–66 తరువాత సంతోష్ ట్రోఫీ మరల తెలుగునేలకు రాలేదు. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివారు తరువాతి కాలమునను కలకత్తాలో రాణించిరి గాని, వారి వెనుక వచ్చువారి వరుస పలుచనయ్యెను.

2019లో స్థాపింపబడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచి క్రొత్త తరమున ఆశలు రేకెత్తించినను, 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. పూర్వము ఒక్కొక్క క్రీడాకారుడు వెడలగా, ఈ మారు జట్టు సమస్తమును వెడలినది. బలరాం, హబీబులు వెడలినపుడు 'మేము పెంచితిమి' అని చెప్పుకొనుటకు నగరమునకు హక్కు ఉండెను. క్లబ్బు వెడలినపుడు అభిమానులకు ఆ ఓదార్పును దక్కలేదు.

నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతము

జంటనగరములకు వెలుపల ఈ పరంపర నిజామాబాదు జిల్లాలో పునర్జీవము పొందినది. దోమకొండ, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములు 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాగా ఏర్పడువరకు ఆ జిల్లాలోనివే. కామినేని వంశీయుల గడికోటచే ప్రసిద్ధమైన దోమకొండ వంటి గ్రామములనుండి చదువుకును, నౌకరికిని యువకులు హైదరాబాదునకు పోవుట తరతరముల వాడుక. ఇంటి బిడ్డను దూరమునకు పంపి అతని అభివృద్ధిని తన అభివృద్ధిగా నెంచుట ఈ పల్లెలకు క్రొత్త కాదు.

నిజామాబాదు జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్ నేర్చి, కేరళలోని గోకులం క్లబ్బున ఆడి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టు వరకు పోయి, తుదకు ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టున చేరినది. 2024–25లో ఆ జట్టు భారత మహిళా లీగును గెలిచినది; అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణి పురస్కారమును సౌమ్యకు ప్రదానము చేసినది. బలరాం చేరిన క్లబ్బుననే, ఆయన చేరిన అరువది యేండ్లకు పైబడిన పిదప, తెలంగాణ తండా బిడ్డ కీర్తి గడించుట ఈ చరిత్రకు సముచితమైన అనుబంధము.

సమీక్ష

రహీమ్ చరిత్రము ఆధారముగా 2024లో వెలువడిన 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వలన ఈ కాలపు స్మృతి క్రొత్త తరమువారికి పరిచయమైనది. కాని స్మృతి ఒక్కటియే ఆటను బ్రతికింపజాలదు. ప్రతిభావంతుడు తనకు తగిన వేదికను వెదకుకొని వెడలిపోవుట ఎల్ల దేశములందును, ఎల్ల కాలములందును జరుగునదియే. దానిని నిషేధముతో ఆపగోరుట అనుచితము, అసాధ్యము. 1950–1966 నడుమ ఎందరు వెడలినను హైదరాబాదు వన్నె తగ్గకుండుటకు కారణము, వెడలిన ప్రతివాని వెనుక మరియొకడు సిద్ధముగా నుండుటయే. అట్టి సిద్ధతకు కావలసినవి జీతము సక్రమముగా నందుకొను శిక్షకుడు, ఇండ్ల స్థలములుగా మారని మైదానము, పాఠశాలల నడుమ ఏటేట జరుగు పోటీలు, పేద బాలునకు బూట్లు, పౌష్టికాహారము. వెడలినవారిపై నిజమైన ప్రేమ గల ఊరు వారి పేర్లను తలచుకొనుటతో తృప్తి చెందక, కామారెడ్డి పాఠశాలలోనైనను, దోమకొండ గ్రామమునందైనను, రేపటి బలరాంకు వీటినన్నింటిని సమకూర్చవలసి యున్నది.